జింకల కోసం ఇరవై గుంటలు

మక్తల్, మాగనూరు వైపు వ్యవసాయ విస్తరణ ఉద్యోగం చేసిన రోజుల్లో నా దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్లో తెగుళ్ల తర్వాత జింకలవే ఎక్కువ. కృష్ణ ఒడ్డు రేగళ్లలో పత్తి రెండాకులు తొడిగిందంటే చాలు, కృష్ణజింకలు మందలుగా దిగేవి. రైతులు చేను చుట్టూ పాత చీరలు కట్టేవాళ్లు. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా వాయించేవాళ్లు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది కనుక వాటి మీద చెయ్యెత్తడానికి లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి, "సారూ, ఇంతకీ మేం విత్తేది మాకా, వాటికా?" అని అడిగాడు. నీళ్లు నమిలాను.

రిటైరయ్యాక అమెరికాలో అమ్మాయి ఇంటికెళితే, ఆ ప్రశ్నకు తడుముకోకుండా "వాటికే" అనే ఆసామి ఒకాయన తగిలాడు. అల్లుడి ఆఫీసులో పనిచేస్తాడు. వాళ్లుండే మాడిసన్ నగరానికి సుమారు అరవై మైళ్ల అవతల, విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిచ్‌లాండ్ కౌంటీలో ఆయనకు నలభై ఎకరాల కొండ భూమి ఉంది. ముప్పావు వంతు అడవే. మిగిలిన దాంట్లో అక్కడక్కడా చదును చేసి ఏటా జింకలకు మేత పెంచుతాడు. నవంబరులో ఆ మేతకు వచ్చే జింకల కోసమే తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు. అక్కడివాళ్లు దీన్ని ఫుడ్ ప్లాట్ అంటారు. నేను జింకల మడి అన్నాను. అల్లుడు పడీ పడీ నవ్వాడు కానీ, ఆ తర్వాత తనూ అలాగే అనడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, ఆయన రెండేళ్లుగా విత్తనాల మీద డబ్బు పోసి దెబ్బతింటున్నాడు. మీరొకసారి వచ్చి చూడండి" అన్నాడు ఒక శుక్రవారం. వేట అంటే నాకు పడదు. మాంసం తినను. అయినా ముప్పై ఏళ్లు విత్తనాలతో బతికినవాడికి ఎవరి విత్తనమో మొలవలేదంటే కాలు నిలవదు. జూలై ఆఖరి వారంలో బయల్దేరాం.

పద్నాలుగో నంబరు హైవే మీద పడమటికి వెళుతుంటే బ్లాక్ ఎర్త్ అని ఒక ఊరి పేరు కనబడింది. నల్లరేగడి! మా పాలమూరులో ఉండాల్సిన పేరు ఇక్కడికెలా వచ్చిందా అని కారు ఆపించి చూశాను. నేల మాత్రం మన రేగడిలా పగుళ్లిచ్చేది కాదు. స్ప్రింగ్ గ్రీన్ దగ్గర విస్కాన్సిన్ నది దాటాం. ఇసుక మేటలతో అచ్చం వేసవి కృష్ణలా ఉంది. అక్కణ్నుంచి కొండలు మొదలు. ఉత్తర అమెరికాలో ఈ చుట్టుపక్కల నేలనంతా ఒకప్పుడు హిమానీనదాలు చదును చేసి పోయాయి. ఈ ఒక్క ప్రాంతాన్ని మాత్రం తాకలేదు. అందుకే ఇక్కడ గుట్టలూ లోయలూ మిగిలాయి. గుట్ట నెత్తిన పొలం, ఏటవాలున ఓక్ చెట్లు, లోయలో మళ్లీ పొలం. జింకకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆసామి భూమికి చేరేసరికి పది దాటింది. ఎకరం వాళ్లకీ మనకీ ఒకటే కొలత కనుక నాకు లెక్క సులువైంది. నెత్తిన ఒక మడి అర ఎకరం, అంటే ఇరవై గుంటలు. కింద వాగు పక్కన ఇంకో ఇరవై గుంటలు. రెంటికీ మధ్య, చెట్ల నడుమ పది గుంటల బిళ్ల.

ముందు ఆ పది గుంటలు చూపించాడు. వారం కిందట టర్నిప్పు, ముల్లంగి, రేప్ కలిపి చల్లాడట. ఆవాల కుటుంబపు మొక్కలన్నమాట. ఆ ప్రాంతంలో వీటిని జూలై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం లోపు వేస్తేనే మంచు పడేలోగా ఆకూ దుంపా కడతాయి. కాలం తప్పలేదు. కానీ మొలకలు వేలు పెట్టడానికి సందు లేకుండా పచ్చటి దుప్పటి కప్పినట్టున్నాయి.

"నాట్లు ఎప్పుడు?" అని అడిగాను. అల్లుడు తర్జుమా చేశాడు. ఆయనకు అర్థం కాలేదు. ఇది నారుమడిలా ఉందనీ, మా దగ్గర ఇంత ఒత్తుగా పోసేది పీకి వేరేచోట నాటడానికేననీ చెప్పాను. ఎకరానికి ఐదారు పౌన్లు సరిపోయే విత్తనాన్ని ఆయన పావు ఎకరంలో నాలుగు పౌన్లు గుమ్మరించాడు. ఇంత చిన్న గింజలు నేలకు చాలవేమోనని అనిపించిందట! చిన్న గింజ దగ్గర అందరూ చేసే పొరపాటే ఇది. నువ్వుల దగ్గర మా రైతులూ చేస్తారు.

ఆ రోజు నేను చేసిన పనల్లా మట్టి తీయడం. ఆయన దగ్గర మట్టి నమూనా తీసే గొట్టం ఉంది. నేను పార అడిగి, అలవాటైన పద్ధతిలో వి ఆకారంలో గుంత తీసి, అంచు నుంచి ఆరంగుళాల లోతు మట్టి చెక్కాను. మడికి ఎనిమిది చోట్ల. గోనె మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు భాగాలు. ఆసామి ఇదంతా ఫోన్లో వీడియో తీసుకున్నాడు. రెండేళ్లుగా మట్టి పరీక్ష చేయించకుండానే విత్తనం కొన్నానని ఆయన ఒప్పుకున్నది అప్పుడే.

ఫలితాలు రెండు వారాల్లో వచ్చాయి. కింది మడి ఉదజని సూచిక 6.5. పై మడి 5.4. నా ఉద్యోగమంతా ఎనిమిది దాటిన చౌడు నేలలతో, జిప్సంతో గడిచింది. పుల్లటి నేలకు సున్నం వేయించడం ఈ వయసులో కొత్త. కింది మడికి పోయిన శరదృతువులో టన్ను సున్నం గుళికలు వేశాడట, నలభై పౌన్ల సంచులు యాభై. భుజం మీద మోసుకుంటూ వాగు దాటించాడు. పై మడికి ఓపిక లేక వదిలేశాడు.

ఏ మడిలో ఏ విత్తనమో అక్కడితోనే తేలిపోయింది. క్లోవర్ అనే మేత మొక్కకు పుల్లటి నేల పడదు. కనీసం ఆరు ఉండాలి. రై గింజ మాత్రం పుల్లదనాన్ని ఓర్చుకుంటుంది, బీద నేలలోనూ లేస్తుంది. కాబట్టి కింద తెల్ల క్లోవర్, పైన రై, ఓట్స్. ఆసామికేమో రెండు చోట్లా క్లోవరే కావాలి. వేసవి నుంచి మంచు దాకా జింకలు దాన్ని వదలవని. పై మడికి ముందు సున్నం వెయ్యండి, అది నేలలో పనిచేయడానికి నెలలు పడుతుంది, వచ్చే ఏడాది చూద్దామన్నాను.

సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ లేబర్ డే సెలవు. దాని ముందు శనివారం విత్తడానికి వెళ్లాం. దారిలో ఒక విత్తనాల కొట్టు దగ్గర ఆగాం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ అరగంటే.

ఒక గోడ పొడవునా జింకల మడి విత్తనాల సంచులు పేర్చి ఉన్నాయి. ప్రతి సంచి మీదా ఒక మగ జింక. కొమ్ములు చూస్తే ఎండిన తుమ్మ చెట్టు తల మీద మోస్తున్నట్టు ఉంది. పేర్లన్నీ కొమ్ముల గురించీ, మాయల గురించీ. మా ఊళ్లో మిరప విత్తనం ప్యాకెట్టు మీద ముంజేతి పొడవు కాయలుండేవి. లోపల గింజకు ఆ బొమ్మతో ఏ సంబంధమూ ఉండేది కాదు. బొమ్మ చూసి కొన్న రైతు సీజను చివర ప్యాకెట్టు పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. అందుకే నా చెయ్యి దానంతటదే సంచిని తిరగేసింది.

వెనక చీటీ ఉంది. అమెరికాలో 1939 నుంచి విత్తన చట్టం ఉంది. ఏ రకం గింజ ఎంత శాతం, మొలక ఎంత, చెత్త ఎంత, కలుపు గింజలు ఎంత, పరీక్ష ఏ నెలలో చేశారు, అన్నీ చీటీ మీద ఉండాలి. ఆ క్లోవర్ సంచి చీటీలో 34 శాతం పైపూత అని ఉంది. గింజకు సున్నపు పొడి లాంటిది పూసి బరువు పెంచుతారు. చెడ్డదేం కాదు, తడి పట్టి ఉంచుతుందంటారు. కానీ పది పౌన్ల సంచి కొంటే మూడు పౌన్లకు పైగా పూతే. శుద్ధ విత్తనం 64 శాతం, మొలక 85 శాతం. రెంటినీ గుణిస్తే 54. అంటే పది పౌన్లలో నేలలో లేచే గింజ ఐదున్నర పౌన్లు కూడా లేదు. ఫోన్లో లెక్క కట్టి చూపిస్తే ఆసామి సంచిని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. పక్క అరలో ఏ బొమ్మా లేని గోధుమరంగు కాగితం సంచిలో, రైతులు పశువుల మేత కోసం కొనే తెల్ల క్లోవర్ ఉంది. పూత లేదు. మొలక తొంభై. దాన్నే తీసుకున్నాం.

రై దగ్గర ఇంకో కథ. రెండేళ్ల కిందట ఆయన ఇంకెక్కడో రై అడిగితే రైగ్రాస్ ఇచ్చారు. పేరు దగ్గర దగ్గరగా ఉన్నా రెండూ వేరు. రై అంటే గోధుమ లాంటి ధాన్యం, దాంతో రొట్టెలు చేస్తారు. మంచు కింద కూడా పచ్చగా ఉంటుంది. రైగ్రాస్ ఉత్త గడ్డి. జింకలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వసంతంలో అదే మడినంతా కమ్మేసింది. తప్పెవరిదని అడగలేదు. చీటీ చదివి ఉంటే ఇద్దరికీ తెలిసేది.

పోయిన ఏడాది మిగిలిన ఒక రై బస్తా ఆయన షెడ్డులో ఉంది. జూలైలోనే దాంట్లోంచి గుప్పెడు గింజలు ఇంటికి తెచ్చుకున్నాను. మా దగ్గరైతే తడి గోనె ముక్కలో వంద గింజలు పేర్చి చుట్టి పెడతాం. అమ్మాయి వంటింట్లో గోనె ఏది? పేపర్ టవల్లోనే చుట్టి, అలమరలో పెట్టాను. వారానికి విప్పి లెక్కపెడితే డెబ్బై ఒకటి మొలిచాయి. పారేయాల్సిన విత్తనం కాదు, మోతాదు పెంచి వేయాల్సిన విత్తనం. అర ఎకరానికి యాభై పౌన్లు వేసే చోట డెబ్బై అనుకున్నాం. ఓట్స్ పాతిక.

మధ్యాహ్నానికి మడిలో ఉన్నాం. గడ్డిమందు రెండు వారాల కిందటే కొట్టాడు, కలుపు ఎండి ఉంది. చిన్న నాలుగు చక్రాల బండికి డిస్కు కట్టి పైపైన దున్నాడు. మర్నాటి రాత్రికి వాన సూచన. వాన ముందు విత్తడమనే ఆత్రం ఎక్కడైనా ఒకటే. అందరి మాటల్లోనూ తొందర వచ్చేసింది.

రై, ఓట్స్ చల్లడానికి ఆయన భుజానికి సంచి తగిలించుకుని మర తిప్పే పరికరం తెచ్చాడు. నేను చేత్తోనే చల్లాను. సగం విత్తనం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా. అడ్డం నిలువూ పోతే ఖాళీలు మిగలవు. గింజ అంగుళం లోతున పడాలి. గొర్రు లేదు, గుంటక లేదు. చల్లాక ముళ్లకంప లాగుదామన్నాను. తుమ్మకంపకు బదులు గుట్ట మీద సెడార్ కొమ్మలు దొరికాయి. రెండు పెద్ద కొమ్మలు కట్టి, మీద రాయి పెట్టి బండి వెనక లాగించాం. ఆసామి దగ్గర ఇలా లాగడానికే ఇనుప గొలుసుల దంతె ఒకటి ఉందట. ఆ సంగతి పని అయిపోయాక చెప్పాడు. నన్ను ఆపడం మర్యాద కాదనుకున్నాడేమో.

క్లోవర్ దగ్గరే అసలు పని. పౌను బరువులో ఏడు లక్షలకు పైగా గింజలుంటాయి. ఇరవై గుంటలకు నాలుగు పౌన్లు. పావు అంగుళం కన్నా లోతుకు పోతే మొలక పైకి రాలేదు. ముందు దానికి జీవన ఎరువు పట్టించాలి. వేరుశనగకు, కందికి రైజోబియం పట్టించినట్టే. అయితే క్లోవర్‌కు దాని రకం వేరు, సోయాకు పట్టించేది దీనికి పనికిరాదు. అంటుకోవడానికి జిగురేదని ఆయన అడిగాడు. అమ్మాయి ఇండియన్ కొట్లో బెల్లం ముద్ద కొంది. దాన్ని ముందే పల్చటి పాకం కాచి చల్లార్చి సీసాలో తెచ్చాను. టార్పాలిన్ మీద క్లోవర్ పోసి, పాకం చిలకరించి, నల్లటి జీవన ఎరువు పొడి కలిపి, నీడన ఆరబెట్టాం. పట్టు సరిపోయిందో లేదో గింజను వేళ్ల మధ్య నలిపితే తెలుస్తుంది. నల్లగా అంటాలి, ముద్ద కట్టకూడదు. తర్వాత ఒక బకెట్టు పొడి ఇసుకలో కలిపాను. నువ్వుల్లో ఇసుక కలిపినట్టే. అలా అయితేనే చేతికి గుప్పెడు వస్తుంది, విసురుకు సమంగా పడుతుంది. టర్నిప్పు మడిలో తను చేసిన తప్పు ఏమిటో ఆసామికి ఆ ఇసుక చూశాక పూర్తిగా అర్థమైంది. "ఇది నాకెవరూ చెప్పలేదు" అని రెండుసార్లు అన్నాడు.

చల్లాక దున్నొద్దు, కంప లాగొద్దు అన్నాను. నీళ్లు నింపిన రోలరు ఒక్కసారి దొర్లించాం, గింజ నేలకు అదిమినట్టు అవ్వాలని. మధ్యలో ఒకచోట ఇనుప జాలీ గుండ్రంగా చుట్టి పాతాను, మూడడుగుల వెడల్పు. జింకల నోరు దానిలోకి పోదు. లోపల ఎంత పెరిగింది, బయట ఎంత మిగిలింది చూస్తే జింకలు ఎంత తిన్నాయో తెలుస్తుంది.

సాయంత్రం అక్కడే ఉన్న ఆయన గుడిసె ముందు కూర్చున్నప్పుడు నా మనసులో మాట అడిగేశాను. తిండి పెట్టి చంపడం తప్పనిపించదా? ఆయన నొచ్చుకోలేదు. విస్కాన్సిన్‌లో తుపాకీ వేటకు తొమ్మిది రోజుల గడువు, నవంబరులో థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలవుతుంది. లైసెన్సు తీసుకునేవాళ్లు ఐదు లక్షలకు పైమాటే. తోడేళ్లు లేని చోట జింకలు పెరిగిపోయి అడవినే తినేస్తాయని ఆయన వాదన. మాడిసన్ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పిన ఆల్డో లియోపోల్డ్ పేరు చెప్పాడు. వేటగాడే అయిన ఆ ప్రొఫెసరు పుస్తకం, 1949లో వచ్చిన సాండ్ కౌంటీ ఆల్మనాక్, గుడిసె కిటికీలో ఉంది.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఆ కౌంటీలో జింకలకు మొక్కజొన్న గింజలు కుప్ప పోస్తే నేరం. అదే మొక్కజొన్న విత్తి నిలబెడితే నేరం కాదు. 2002లో మౌంట్ హోరెబ్ దగ్గర జింకల్లో మెదడును తొలిచే అంటురోగం బయటపడింది. కుప్ప మీద పది మూతులు చేరితే లాలాజలంతో అది పాకుతుందని ఎరను నిషేధించారు. మడిలో జింకలు విడివిడిగా మేస్తాయి కనుక పర్వాలేదని చట్టం. ఇరవై గుంటల్లో రాత్రికి పదిహేను జింకలు దిగితే అది కుప్పకు ఎంత దూరమో నాకైతే అనుమానమే. ఆసామి కూడా దానికి గట్టిగా జవాబు చెప్పలేదు.

మళ్లీ వెళ్లింది వేట మొదలయ్యే శనివారం తర్వాతి రోజు. కారు దిగకముందే నాకూ అల్లుడికీ కళ్లు చెదిరే నారింజ రంగు చొక్కాలు ఇచ్చాడు. వేటగాళ్లకు అలాంటి రంగు తప్పనిసరి, మాకు మంచిదని.

పై మడిలో రై, ఓట్స్ కలిసి లేచాయి. ఓట్స్ అప్పటికే చలికి తెల్లబడి పడిపోయాయి. రై మాత్రం పచ్చగా, కత్తెర పెట్టి కోసినట్టు రెండంగుళాల ఎత్తున ఉంది. కింది మడిలో ఇనుప జాలీ లోపల క్లోవర్ జానెడు. బయట నేలకు అతుక్కుని ఉంది. ఒక మొక్క పీకి వేరు మీది బుడిపె గోటితో చీల్చాను. లోపల గులాబీ రంగు. బెల్లం పని చేసింది. టర్నిప్పు మడిలో దుంప అన్నది లేదు, ఒత్తుగా ఉన్న చోటల్లా ఆకులు చీలమండ దాటలేదు. జింకలు ఆ ఆకుల్ని కూడా కాడల దాకా తినేశాయి.

ఆసామి మొదటి రోజే ఒక ఆడ జింకను కొట్టాడు. మడిలో కాదు, మడికి వచ్చే దారిలో ఓక్ చెట్ల కింద. నేను చూడలేదు, చూపించమని అడగలేదు. దాని తలను రోగపరీక్షకు ఇవ్వాలని ఊరి బయట పెట్టిన పెట్టె దాకా వెళితే మేమూ వెంట వెళ్లాం. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజరులోనే ఉంటుందని చెప్పాడు.

డిసెంబరులో ఇండియా వచ్చేశాను. ఫిబ్రవరి ఆఖరులో అల్లుడు ఒక ఫోటో పంపాడు. కింది మడిలో అక్కడక్కడా పల్చబడిన చోట ఆసామి మళ్లీ క్లోవర్ చల్లుతున్నాడు. ఆ కాలంలో నేల రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ పగుళ్లిస్తుంది, గింజ తనంతట తానే లోపలికి దిగుతుంది, దున్నక్కర్లేదు. ఫోటో పెద్దది చేసి చూశాను. ఆయన చేతిలో మర తిప్పే సంచి లేదు. బకెట్టు ఉంది, అందులో ఇసుక ఉంది.